కంటి శుక్లం ఆపరేషను: నా అనుభవం

(పింఛనుదారుల దినోత్సవం నాడు మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇక్కడ కలుసుకుంటాం. 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం, డీఏ బకాయిల గురించి మాట్లాడుకుంటాం, ఉప్మా తిని ఇళ్ళకు వెళతాం. ఈసారి కార్యదర్శి గారు, "మీరు మొన్న కన్ను ఆపరేషను చేయించుకున్నారు గదా, ఓ అరగంట దాని గురించి చెప్పండి, మనవాళ్ళలో సగం మందికి అదే గొడవ" అన్నారు. నేను డాక్టరును కాను. 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసుల వెంట తిరిగి, 2009లో రిటైరైన రెవెన్యూ గుమాస్తాని. వైద్యం విషయంలో నా మాట ప్రమాణం కాదు. డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నవి, నా మీద జరిగినవి, నేను చేసిన తప్పులు, ఈ మూడే చెబుతాను. తప్పుల దగ్గర మొదలుపెడతాను. అవే ఎక్కువ గనక.

నాకు డెబ్భై దాటిన కొత్తలో ఒకరోజు పొద్దున్న కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఊరికే పేపరు చేతిలోకి తీసుకున్నాను. చదవగలుగుతున్నాను! నలభయ్యో ఏట వచ్చిన చత్వారం ముప్ఫై ఏళ్ళ తరువాత దానంతట అదే పోయిందని పొంగిపోయాను. పొద్దున్నే నానబెట్టిన మెంతులు తినడం వల్లేనని నలుగురికీ చెప్పాను. ఇక్కడున్న వారిలో ఇద్దరు ముగ్గురు నా మాట నమ్మి మెంతులు మొదలుపెట్టారు కూడాను. వారికి క్షమాపణలు.

అది చూపు తిరిగి రావడం కాదు. శుక్లం మొదలవడం. మన కంట్లో నల్లగుడ్డు వెనకాల చిన్న కటకం ఉంటుంది. పుట్టినప్పుడు గాజులా తేటగా ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అది గట్టిపడి, పసుపు రంగు తిరిగి, మసకబారుతుంది. అలా గట్టిపడేటప్పుడు కొందరికి దాని శక్తి మారి, దగ్గరివి కొన్నాళ్ళు కళ్ళజోడు లేకుండానే కనిపిస్తాయి, దూరపువి చెడతాయి. మనం "కంటికి పొర వచ్చింది" అంటాం గానీ పైన కప్పిన పొర ఏమీ ఉండదు. లోపలి కటకమే మసకబారుతుంది. అంచేత దాన్ని కరిగించే చుక్కల మందు గానీ, ఆకు పసరు గానీ లేదు. పసరు పోస్తే పైనున్న కార్నియా పుండు పడి, ఉన్న చూపు కూడా పోవచ్చు.

ఆ తరువాత బస్సు బోర్డులు కనబడటం మానేశాయి. రాత్రిపూట ఎదురుగా లారీ వస్తే దాని దీపాలు పగిలి చెల్లాచెదురైనట్టు కనిపించేవి. రెండేళ్ళలో కళ్ళజోడు మూడుసార్లు మార్చాను. మూడోసారి కళ్ళద్దాల షాపు కుర్రాడే చెప్పాడు, "మాస్టారూ, అద్దాలు మారిస్తే లాభం లేదు, శుక్లం ఉంది, డాక్టరుకు చూపించుకోండి" అని. నేనేమన్నానంటే, "ముదరనీ, అప్పుడే తీయిద్దాం" అన్నాను.

ఈ "ముదరనీ" అన్న మాట మా అమ్మ కాలం నాటిది. ఆ సంగతి కొంచెం చెప్పాలి.

1979 చలికాలంలో మా తాలూకా కేంద్రంలోని హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. బల్లలు బయటికి జరిపి, క్లాసు గదుల్లో గడ్డి పరిచి, మీద జంపఖానాలు వేశారు. మా అమ్మకు అప్పటికి రెండు కళ్ళూ బాగా తెల్లబడ్డాయి. ఆపరేషనయ్యాక కంటికి కట్టు కట్టి, తలకు అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, పక్కకు తిరగకూడదు. నమలకుండా మింగే జావలే. వరసగా అలా పడుకున్న ముసలివాళ్ళను చూస్తే నాకు వెన్నులో చలి పుట్టింది. అప్పట్లో కన్ను చాలా పెద్దగా కోసి, కటకాన్ని దాని సంచీతో సహా మొత్తం తీసేసేవారు. బదులుగా లోపల ఏమీ పెట్టేవారు కాదు. అంత పెద్ద గాయం కదిలితే తెరుచుకుంటుందని ఆ ఇసుక సంచులు. చూపు కొంచెం మిగిలి ఉన్న కంటి మీద అంత సాహసం ఎందుకని, పూర్తిగా కనబడకుండా పోయేదాకా ఆగమనేవారు. ముదరాలి అన్నమాటకు అర్థం అది.

నెలన్నర పోయాక అమ్మకు సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. వాటిలోంచి ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. అమ్మ గ్లాసులో కాఫీ పోయబోయి పక్కన పోసేది. పక్కనుంచి వచ్చే మనిషి కనబడడు, ఉన్నట్టుండి ఎదట ప్రత్యక్షమవుతాడు. అయినా కనిపిస్తోంది గదా అని సంతోషపడింది.

రెండేళ్ళకు ఆ అద్దాలు పగిలిపోయాయి. కటకం లేని కంటికి ఆ అద్దాలు లేకపోతే లోకమంతా మసక వెలుగే. ఊళ్ళో వాళ్ళ చేత కార్డు రాయించింది. నేను జమాబందీ పనిలో ఉన్నాను. జీతం రాగానే చేయిస్తానని జవాబు రాశాను. జీతం వచ్చింది, మరేదో ఖర్చు వచ్చింది. మొత్తానికి అద్దాలు చేయించి తీసుకువెళ్ళేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆవిడ గోడ పట్టుకుని నడిచిందని పక్కింటివాళ్ళు తరువాతెప్పుడో చెప్పారు. ఆవిడ చెప్పలేదు. 1988లో పోయింది. నాకు కంటి ఆపరేషను అంటే ఆ ఇసుక సంచులు, ఆ మూడు నెలలే గుర్తుకొస్తాయి. అందుకని షాపు కుర్రాడి మాట పట్టించుకోకుండా మరో ఏడాదిన్నర గడిపేశాను.

ఈలోగా లోకం ఎంత మారిందో నేను గమనించలేదు. తీసేసిన కటకం స్థానంలో మరొకటి పెట్టవచ్చని 1949లోనే లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు చేసి చూపించారు. యుద్ధంలో విమానాల అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుని, ఏళ్ళ తరబడి ఉన్నా కన్ను వాటిని తిరస్కరించలేదని ఆయన గమనించారు. ఆ జాతి ప్లాస్టిక్‌తోనే కటకం చేయించారు. తోటి డాక్టర్లే చాలాకాలం ఆయన్ను తప్పుబట్టారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు, పళ్ళ డాక్టరు గార పట్టిన పళ్ళను శుభ్రం చేసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూసి, శుక్లాన్ని కూడా అలాగే లోపలే పొడి చేసి పీల్చేయవచ్చని కనిపెట్టారు. ఈనాడు మనకు చేసే ఫేకో ఆపరేషను అదే. మన దేశంలో ఇవి మామూలు జనానికి అందడానికి టైం పట్టింది. 1992లో మదురైలో అరవింద్ ఆస్పత్రివారు ఆరోల్యాబ్ అని పెట్టి కటకాలు మన దగ్గరే చౌకగా తయారు చేయడం మొదలుపెట్టారు. 1994లో మొదలైన ప్రపంచబ్యాంకు సాయపు శుక్లాల పథకంలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ తరువాతే శిబిరాల్లో గడ్డి పరుపులు పోయి, ఆపరేషన్లు ఆస్పత్రుల్లో జరగడం, లోపల కటకం పెట్టడం మామూలైంది. మా అమ్మ ఇంకో పదిహేనేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే సోడాబుడ్డి అద్దాల అవసరమే ఉండేది కాదు.

ఇక ముదరడం సంగతి. మా డాక్టరమ్మ చెప్పినదేమిటంటే, ఇప్పుడు ఆగడం వల్ల లాభం లేదు సరికదా నష్టం. శుక్లం రాయిలా గట్టిపడితే దాన్ని పొడి చేయడానికి ఎక్కువ శక్తి వాడాలి, అది కార్నియాకు దెబ్బ. మరీ ముదిరితే అది ఉబ్బి గానీ, కారి గానీ కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, ఇక ఏ ఆపరేషనుకూ తిరిగిరాని గుడ్డితనం వస్తుంది. అలాగని పరీక్షలో కాస్త శుక్లం కనబడగానే పరుగెత్తి కోయించుకోనక్కరలేదు. మీ రోజువారీ పనికి అడ్డం వస్తోందా, లేదా, అదే కొలబద్ద.

నా పనికి అడ్డం వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. చెబుతాను.

మా ఆవిడకు బీపీ, షుగరు ఉన్నాయి. రాత్రి మాత్రలు తీసి ఇచ్చే పని పదేళ్ళుగా నాది. రెండూ వెండి రంగు స్ట్రిప్పులే. ఒకరోజు రాత్రి షుగరు మాత్ర ఇచ్చాను, తరువాత బీపీది అనుకుని మళ్ళీ షుగరు మాత్రే ఇచ్చాను. తెల్లవారుజామున మూడింటికి ఆవిడ ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడుతోంది. పక్కింటి కుర్రాణ్ణి లేపితే వాడు వాళ్ళ నాన్న షుగరు మిషను తెచ్చి చూశాడు. 48 ఉంది. మింగగలుగుతోంది గనక పంచదార నీళ్ళు తాగించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దేవుడి దయవల్ల నిలబడింది. డ్యూటీ డాక్టరు అడిగితే, "రాత్రి సరిగా తినలేదండీ" అన్నాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర ఎండలో స్ట్రిప్పులు పట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. ముప్ఫై ఆరేళ్ళు అడంగల్‌లో ఒక్క సెంటు తేడా వచ్చినా పట్టుకున్నవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు, ఆవిడక్కూడా.

ఆవిడ ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉంది. ఈ ప్రసంగం రాసుకునేటప్పుడు, నలుగురిలో వినే ముందు నా నోటితోనే చెప్పాలని మొన్న చెప్పాను. ఆవిడ అంది, "నాకు అప్పుడే తెలుసు. ఆ మర్నాటి నుంచీ మీరు షుగరు మాత్రల స్ట్రిప్పుకు ఎర్ర దారం కట్టడం మొదలెట్టారుగా" అని. ఇన్నాళ్ళూ ఎందుకడగలేదంటే, "మీరే చెబుతారని" అంది.

సరే, ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడా ఒక బుద్ధితక్కువ పని చేశాను. బయట బెంచీ మీద కూర్చుని, నా ముందున్నవాళ్ళు గోడమీది అక్షరాలు చదువుతుంటే విని, చివరి వరసలు కంఠస్థం పట్టాను. మన గుమాస్తాల జ్ఞాపకశక్తి తెలిసిందే గదా. నా వంతు రాగానే గడగడా అప్పజెప్పేశాను. ఆ డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది, అక్షరాలన్నీ మారిపోయాయి. నాకు పై వరస తప్ప ఏమీ కనబడలేదు. "బాబాయి గారూ, కాపీ కొట్టారా?" అని నవ్వింది. మనవరాలి వయసు పిల్ల. దయచేసి మీరెవరూ ఆ పని చేయకండి. అది ఉద్యోగానికి మెడికల్ ఫిట్‌నెస్ కాదు, పాసవ్వాల్సిన పని లేదు.

కంట్లో చుక్కలు వేసి నల్లగుడ్డు పెద్దది చేసి, లోపలి రెటీనా చూస్తారు. కంటి ఒత్తిడి చూస్తారు. లోపల పెట్టే కటకం ఎంత పవరుండాలో లెక్క కట్టడానికి కంటి పొడవు, వంపు కొలుస్తారు. షుగరు, బీపీ, ఈసీజీ మామూలే. మన వయసు మగవాళ్ళు ఒక్క సంగతి తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాలి. మూత్రం ధార సరిగా రావడానికి ప్రోస్టేటు మాత్రలు వాడుతుంటాం గదా, టామ్సులోసిన్ వంటివి. అవి వాడేవారికి ఆపరేషను మధ్యలో నల్లగుడ్డు సరిగా విచ్చుకోక, చుట్టూ ఉన్న రంగు పొర వదులై డాక్టరుకు అడ్డం వస్తుంది. ముందే తెలిస్తే వాళ్ళు తగిన జాగ్రత్తలో ఉంటారు. ఆ మాత్రకూ కంటికీ ఏం సంబంధమని, ఆడపిల్ల ముందు ఎందుకులే అని నేను చెప్పబోలేదు. ఆవిడే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించింది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు కూడా చెప్పాలి. మీ అంతట మీరు ఏదీ మానేయకూడదు.

తరువాత కటకం ఎంపిక. ఒక అమ్మాయి పుస్తకం తెరిచి, చీరల కొట్టులో పరిచినట్టు రకాలన్నీ చూపించింది. కొన్ని వేలల్లో ఉన్నాయి, కొన్ని వాటికి ఎన్నో రెట్లు. నాకు అర్థమైనంతలో చెబుతాను. మోనోఫోకల్ అంటే ఒకే దూరానికి స్పష్టంగా కనబడేది. మామూలుగా దూరానికి పెడతారు, చదవడానికి కళ్ళజోడు ఉండాల్సిందే. మల్టీఫోకల్ అయితే దగ్గర, దూరం రెండూ చాలావరకు జోడు లేకుండా జరిగిపోతాయి, కానీ రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు, అందరి కళ్ళకూ అది పనికిరాదు. కార్నియా వంపులో తేడా ఉన్నవారికి టోరిక్ అని వేరే ఉంది. ఖరీదు పెరిగితే చూపు పెరగదు, కళ్ళజోడు అవసరం తగ్గుతుంది, అంతే. నేను డాక్టరమ్మను, "మీ నాన్నగారైతే ఏది పెడతారు?" అని అడిగాను. ఆవిడ, "మీరు రోజూ ఏం చేస్తారు?" అని ఎదురడిగింది. పేపరు, పురాణం, సాయంత్రం గుడిదాకా నడక అన్నాను. "మామూలు మోనోఫోకల్ చాలు" అంది. అదే పెట్టించుకున్నాను.

'లేజరు ఆపరేషను' అని ఊళ్ళో అందరూ అంటుంటారు. ఫేకోలో వాడేది లేజరు కాదు, అల్ట్రాసౌండ్. నిజంగా లేజరుతో కొన్ని దశలు చేసే పద్ధతి వేరే ఉంది, ఖరీదైనది, మనకు తప్పనిసరి కాదు. బాగా ముదిరిన శుక్లాలకు యంత్రం లేకుండా, ఇంకొంచెం పెద్ద గాటుతో, కుట్లు లేకుండానే చేసే పద్ధతి ఉంది. దాన్ని ఎస్.ఐ.సి.ఎస్. అంటారు. ప్రభుత్వాస్పత్రుల్లో, ధర్మాస్పత్రుల్లో అది విరివిగా చేస్తారు. దాన్ని నాసిరకం అనుకోకండి. చూపు చక్కగానే వస్తుంది.

ఆపరేషను రోజు. తేలిగ్గా తిని రమ్మన్నారు. బీపీ మాత్ర మామూలుగా వేసుకోమన్నారు. ఏ కన్నో పొరపాటు రాకుండా కుడి కనుబొమ్మ పైన గుర్తు పెట్టారు. మన ఫైళ్ళకు ఫ్లాగు పెట్టినట్టు. పది నిమిషాలకోసారి చుక్కలు వేశారు. మత్తు ఇవ్వరు. కొందరికి కంటి పక్కన సూది వేసి మొద్దుబారుస్తారు, నాకు చుక్కలతోనే సరిపెట్టారు. ముఖమంతా గుడ్డ కప్పి కంటి దగ్గర మాత్రం తెరిచి ఉంచారు. "బాబాయి గారూ, దగ్గు గానీ తుమ్ము గానీ వస్తే ముందు చెప్పండి, తల మాత్రం కదల్చకండి, వెలుగు వైపే చూడండి" అన్నారు.

కత్తి కనిపిస్తుందేమోనని నా భయం. ఏమీ కనబడలేదు. చాలా ప్రకాశంగా దీపాలు, వాటి మీద నీళ్ళు పారుతున్నట్టు, రంగులు కలిసిపోతూ, విడిపోతూ. నీళ్ళు చెంప మీదికి కారాయి. యంత్రం చప్పుడు సన్నగా పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఒక చోట కన్ను లోపల నొక్కినట్టయింది గానీ నొప్పి అనలేను. గాటు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదట. మడిచిన కటకాన్ని అందులోంచి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుంటుంది. నేను లోపల విష్ణు సహస్రనామం మొదలుపెట్టాను. సగం కాకుండానే, "అయిపోయింది బాబాయి గారూ" అన్నారు. కుట్లు లేవు. ఇసుక సంచులు లేవు. కంటి మీద పారదర్శకమైన డొప్ప అంటించి, కాఫీ ఇచ్చి, సాయంత్రానికి ఇంటికి పంపారు. వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ అమ్మను తలచుకుని ఏడ్చాను. నర్సు పరుగెత్తుకొచ్చి, "కన్నీళ్ళు పెట్టకూడదండీ" అంది.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, బిల్లుతో పాటు కటకం డబ్బా మీది స్టిక్కరు అడిగి తీసుకోండి. దాని మీద కటకం రకం, పవరు, నంబరు ఉంటాయి. రీయింబర్స్‌మెంటుకు అది లేక ఫైలు వెనక్కి వచ్చినవాళ్ళు మనలోనే ఉన్నారు. హెల్త్ కార్డు మీద చేయించుకునేవారు ఏ రకం కటకం దాకా వర్తిస్తుందో, పైన ఎంత కట్టాలో ముందుగానే కాగితం మీద రాయించుకోండి.

తరువాత నాలుగైదు వారాలు చుక్కల మందులే అసలు పని. రెండు రకాలు, ఒకదానికీ రెండోదానికీ ఐదు నిమిషాల ఎడం, వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. నేను తెల్లకాగితం మీద గళ్ళు గీసి రిజిస్టరు వేశాను. మందు వేసినప్పుడల్లా మా ఆవిడ గడిలో పొట్టి సంతకం పెట్టింది. చేతులు కడుక్కోకుండా సీసా ముట్టనిచ్చేది కాదు. కన్ను నలపకూడదు, రాత్రి డొప్ప పెట్టుకునే పడుకోవాలి, బరువులెత్తకూడదు, పొయ్యి పొగ దగ్గర కూర్చోకూడదు. తలస్నానం మా డాక్టరమ్మ పది రోజులు వద్దన్నారు. మీ డాక్టరు ఏం చెబితే అది చేయండి. పథ్యం మాత్రం ఏమీ లేదు. చూడవచ్చిన చుట్టాలందరూ, వంకాయ తింటే దురద, గోంగూర తింటే పోటు, పప్పు తింటే చీము అని బెదిరించారు. షుగరు అదుపులో పెట్టుకుని అన్నీ తినవచ్చని డాక్టరమ్మ చెబితే మా వదిన గారికి ఇప్పటికీ నమ్మకం లేదు.

ఒక్క హెచ్చరిక. కొద్దిపాటి గరగర, నీరు కారడం మామూలే. కానీ నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, వచ్చిన చూపు తగ్గుతున్నా, అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి పోవాలి. లోపల చీము పట్టడం చాలా అరుదు, పడితే మాత్రం గంటల లెక్క. అబ్బాయి ఆదివారం వస్తాడు గదా, అప్పుడు వెళదాం అనుకోవద్దు.

ఇక చూపు. మర్నాడు కాస్త మసకగా ఉంది, మూడో రోజుకు తేటపడింది. ముందు రంగులు మారాయి. చాకలి అబ్బాయి నా పంచెలు పసుపు పట్టిస్తున్నాడని ఏడాదిగా తిడుతున్నాను. అవి తెల్లగానే ఉన్నాయి. పిలిచి చెప్పాను. ఇంకొకటి. నేను రోజూ జమాఖర్చు పుస్తకం రాస్తాను, నీలం సిరాతోనే రాస్తున్నాననుకున్నాను. తెరిచి చూస్తే గత ఏడాది పేజీల్లో ఒక వారం నీలం, ఒక వారం నలుపు. నీలానికీ నలుపుకూ తేడా తెలియడం ఎప్పుడు మానేసిందో నాకే తెలియదు. పసుపు తిరిగిన కటకం నీలాన్ని మింగేస్తుందట. ఇప్పుడు కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తే గోడ మజ్జిగలో పసుపు కలిపినట్టుంటుంది, కుడికంటితో చూస్తే సున్నం వేసినట్టుంటుంది. చదవడానికి నెల తరువాత కొత్త జోడు రాయించారు. అంతవరకు చీటికీ మాటికీ పాత జోడు పెట్టి తీసి చికాకు పడ్డాను. రెండు కళ్ళకూ పొత్తు కుదరక మెట్లు దిగేటప్పుడు కాస్త తడబాటు ఉంటుంది, జాగ్రత్త.

ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెప్పాలి. ట్రెజరీలో పనిచేసిన మన మిత్రులొకరు, వారి అనుమతితోనే చెబుతున్నాను, ఆపరేషనయ్యాక చూపు పెద్దగా మెరుగుపడలేదని, డాక్టరు చెడగొట్టాడని చాలా రోజులు బాధపడ్డారు. వారికి ఇరవై ఏళ్ళ షుగరు. రెటీనా ముందే దెబ్బతిని ఉంది. కటకం కెమెరాకు అద్దం లాంటిది, రెటీనా ఫిల్ము లాంటిది. అద్దం మారిస్తే ఫిల్ము బాగుపడదు. నీటికాసుల వల్ల పోయిన చూపు కూడా శుక్లం తీస్తే రాదు. ఆ మాట ఆపరేషనుకు ముందే వారికి చెప్పారు, సంతకం కూడా తీసుకున్నారు. మనం చదవకుండా సంతకం పెట్టాం. జీవితమంతా ఇతరుల చేత "చదివి సంతకం పెట్టండి" అని చెప్పిన మనమే. షుగరున్నవారు "నా రెటీనా ఎలా ఉంది, ఎంత చూపు రావచ్చు" అని ముందుగానే అడగాలి.

శుక్లం మళ్ళీ వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. రాదు. కానీ కొత్త కటకాన్ని నిలిపి ఉంచే సంచీ కొందరికి కొన్ని నెలలకో ఏళ్ళకో మసకబారుతుంది. దానికి మాత్రం నిజంగా లేజరే. కొద్ది నిమిషాలు, కోత లేదు, కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారు.

నా ఎడమకన్ను వచ్చే నెల రెండో మంగళవారానికి పెట్టారు. మన సంఘంలో ఇద్దరు అదే వారం పరీక్షకు వస్తామన్నారు, ముగ్గురం కలిసే వెళుతున్నాం. తోడు ఎవరూ లేక ఆగినవారెవరైనా ఉంటే టీ అప్పుడు నాకు చెప్పండి, ఆటోలో నాలుగో మనిషికి చోటుంది. ఎర్ర దారం ఉండ కూడా జేబులో తెచ్చాను, కావలసినవారు తలా కాస్త తీసుకోవచ్చు.